ఆయన రైలుకి గది, నా బొమ్మలకి ట్రంకుపెట్టె

ఈ సంక్రాంతికి మా ఇంటికి పేరంటానికి వచ్చినవాళ్ళందరూ గుమ్మంలో చెప్పులు విప్పుతూనే ఒకటే మాట అడిగారు. "ఏమ్మా, ఈ ఏడు కొలువు పెట్టలేదా?" అని.

పెట్టాను. హాల్లో, సోఫా వెనక్కి జరిపి, టీవీ పక్కన, మూడు మెట్లు. మా భవానీపురం ఇంటికి ముప్ఫై ఏళ్ళుగా వస్తున్నవాళ్ళ కళ్ళు మధ్యగదిలో ఏడు మెట్ల కొలువుకి అలవాటుపడి ఉన్నాయి. అందుకని ఈ మూడు మెట్లు వాళ్ళకి ఆనలేదు. మధ్యగదిలో ఏముందా అని తొంగిచూస్తే రైలు కనిపించింది. పిల్లలు ఇక అక్కణ్ణుంచి కదల్లేదు. పెద్దవాళ్ళు మూతికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు, "అన్నయ్యగారికి ఈ వయసులో రైలాటేంటి వదినా" అని. వాళ్ళతోపాటు నేనూ నవ్వాను. రాత్రి అందరూ వెళ్ళాక శనగల గిన్నెలు కడుక్కుంటుంటే మాత్రం నవ్వు రాలేదు. ఎందుకు రాలేదో రాసుకుందామనే ఇవాళ కూర్చున్నాను.

ముందు ఆ రైలు సంగతి చెప్పాలి. లేకపోతే మీరు తిరనాళ్ళలో కొన్న ప్లాస్టిక్ రైలు అనుకుంటారు.

మావారు రిటైరై రెండేళ్ళయింది. మా మామగారు రైల్వేలో చేశారు. ఈయన పెరిగింది సత్యనారాయణపురం రైల్వే క్వార్టర్సులో. కూత విని ఏ బండో చెప్పే రకం. చిన్నప్పటినుంచీ మనసులో ఉన్న కోరిక రిటైరయ్యాక బయటికొచ్చింది. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ప్లైవుడ్ షీటు ఒకటి తెచ్చి, కాళ్ళు కొట్టించి, దానిమీద పట్టాలు వేశారు. ఇటు చివర బెజవాడ స్టేషను, మధ్యలో కృష్ణ, అటు చివర కృష్ణా కెనాల్ జంక్షను. వెనకాల ఇంద్రకీలాద్రి.

దీన్ని హెచ్‌వో స్కేలు అంటారట. అంటే ప్రతిదీ అసలులో 87వ వంతు. అయిదడుగుల మూడంగుళాలున్న నేను ఆ లోకంలో రెండు సెంటీమీటర్లు కూడా ఉండను. నిజం రైలుపెట్టె, కొత్త ఎల్‌హెచ్‌బి రకం, సుమారు ఇరవై మూడున్నర మీటర్లు. అది 27 సెంటీమీటర్లవుతుంది. ఇరవై పెట్టెల బండి కట్టాలంటే 5 మీటర్ల పైనే కావాలి, మా గది పొడవే 12 అడుగులు. అందుకని మా బండికి నాలుగు పెట్టెలే. కృష్ణ మీది రైలు వంతెన కిలోమీటరు పైన ఉంటుంది కదా, దాన్ని ఇదే లెక్కన కడితే 11 మీటర్లు దాటుతుంది. మా వంతెన మూడడుగులు. ఇవన్నీ ఆయన సర్దుకున్నారు. సర్దుకోలేనిది ఒకటుంది. మన బ్రాడ్‌గేజి పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 19 దాటుతుంది. బజార్లో దొరికే హెచ్‌వో పట్టాల మధ్య ఉండేది పదహారున్నర. ఆ మూడు మిల్లీమీటర్లు ఆయనకి పంటికింద రాయి. విదేశీ పెట్టెలు కొని మన నీలం రంగు వేసుకున్నారు గానీ, పట్టాల దగ్గరికొచ్చేసరికి ఇప్పటికీ నిట్టూరుస్తారు.

రెండు పట్టాల్లోకీ 12 వోల్టుల కరెంటు వస్తుంది. చక్రాలు ఆ కరెంటుని అందుకుని ఇంజన్లో ఉన్న మోటారుకిస్తాయి. తీగలు అటుదిటూ ఇటుదటూ మారిస్తే బండి వెనక్కి నడుస్తుంది. పట్టామీద సన్నటి దుమ్ము పొర పట్టినా చాలు, బండి ఉలిక్కిపడి ఆగిపోతుంది. అందుకే రోజూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో పట్టాలు తుడవాలి. మన విజయవాడ దుమ్ము సంగతి మీకు చెప్పక్కర్లేదు.

ఇంతవరకూ చదివి నేను మావారి సరదామీద కారాలు మిరియాలు నూరుతున్నాననుకోకండి. నేను దానికి అడ్డం కాదు. రిటైరైన మగాడు ఖాళీగా ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందో మనలో చాలామందికి తెలుసు. మొదటి మూడు నెలలూ ఈయన ఫ్రిజ్ తెరిచి లెక్కలు తీసేవారు. "కొత్తిమీర ఎందుకు కుళ్ళింది? ఈ పెరుగు నిన్నటిదా మొన్నటిదా?" రైలు వచ్చాక నా వంటింటికి స్వాతంత్ర్యం వచ్చింది. టంకం వెయ్యడం నేర్చుకున్నారు, రంపం పట్టడం నేర్చుకున్నారు. వేలెడంత ఇంజన్ కాగితం మీద విప్పి, మళ్ళీ బిగించి, అది కదిలినప్పుడు ఆయన మొహం చూస్తే పెళ్ళినాటి ఫోటోలో కుర్రాడు గుర్తొస్తాడు.

ఇది ఈయన ఒక్కరి పిచ్చీ కాదు. జర్మనీలో మార్‌క్లిన్ కంపెనీ 1891లోనే పట్టాలూ బళ్ళూ కలిపి ఒక వరుసలో అమ్మడం మొదలుపెట్టింది. ఇంగ్లండులో హార్న్‌బీ 1920లో కీ ఇచ్చే రైళ్ళు తెచ్చింది. హాంబర్గులో కవల అన్నదమ్ములు 2001లో తెరిచిన మినియేచర్ లోకానికి ప్రపంచం నలుమూలలనుంచీ జనం వెళ్ళి చూసొస్తున్నారు. మన దేశంలో పుణేలో జోషీగారి చిన్నరైళ్ళ మ్యూజియం ఉంది. ఒక మనిషి ఇంట్లో పెట్టుకున్న సరదా పెరిగి ఊరంతా చూసేదైంది. కాబట్టి "ఈ వయసులో ఆటలేంటి" అనే మాట నేననను. ఆటకి వయసుతో పనిలేదు.

నా మాట వేరే. ఆ ఆటకి చోటెక్కణ్ణుంచి వచ్చింది, ఎవరిని జరిపితే వచ్చింది అన్నదే.

కార్తీకమాసంలో అడిగాను. "ఏవండీ, పండక్కి ఈ బల్ల కాస్త తీస్తారా?"

"తియ్యడమా? పట్టాలకి మేకులు కొట్టేశాను, కింద వైర్లన్నీ టంకం వేసేశాను. నీది మూడురోజుల ముచ్చటేగా, హాల్లో పెట్టుకోవోయ్."

కోపంగా అన్నమాట కాదు. పాపం, అందులో తప్పుందని కూడా ఆయనకి తెలీదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. మూడు రోజుల ముచ్చట! అది మూడు రోజులకే ముగిసిపోవడానికి కారణం దాన్ని మూడోరోజు దాటాక మడిచిపెట్టెయ్యడమే కదా. భోగి, సంక్రాంతి, కనుమ అయిపోగానే పాత మల్లుపంచె ముక్కల్లో బొమ్మల్ని చుట్టి, ట్రంకుపెట్టెలో పెట్టి, అటకెక్కించడం. ఆయన రైలుని కూడా మూడో రోజున ఊడదీసి అటకెక్కించాలంటే అదీ మూడురోజుల ముచ్చటే అవుతుంది.

అసలు కొలువంటే ఏమిటి? కాసేపు భక్తి పక్కనపెట్టి చూడండి. మెట్లు కట్టడం, పైమెట్టున దేవుళ్ళు, దిగువకి వచ్చేకొద్దీ మనుషులు, సంత, పెళ్ళి, ఊరేగింపు. కింద నేలమీద ఊరు. వారం ముందే పళ్ళెంలో మట్టిపోసి ఆవాలు చల్లితే పండగనాటికి పచ్చటి చేను. అద్దం ముక్క చుట్టూ ఇసక పోస్తే చెరువు. రంపపు పొట్టుకి ఆకుపచ్చ రంగు కలిపితే గడ్డి. పాత పేపర్లకి మైదా జిగురు పూసి నలిపి నిలబెడితే కొండ. ఇది మా అమ్మ దగ్గర నేను ఎనిమిదో ఏట నేర్చుకున్నాను. తను వాళ్ళమ్మ దగ్గర నేర్చుకుంది.

మావారు తన బల్లమీద ఇంద్రకీలాద్రి నిలబెట్టడానికి రెండు వారాలు వీడియోలు చూశారు. ఎక్కడో విదేశాల్లో తెల్లగడ్డం పెద్దమనిషి ఒకాయన చెబుతున్నాడు, పాత పేపర్లు నలపండి, జిగురు పూయండి, రంపపు పొట్టుకి రంగెయ్యండి అని. వంటింట్లోంచి విని నాకు నవ్వాగలేదు. వెళ్ళి పూటలో కొండ కట్టిచ్చాను. తులసికోటలో ఎండిన కొమ్మలు తుంపి చెట్లు చేసిచ్చాను. ఆయన స్నేహితులు వచ్చి, "సీనరీ అదరగొట్టావురా" అన్నారు ఆయనతో. అదే చేతులతో అదే పని ఆయన బల్లమీద చేస్తే సీనరీ అయింది, నా మెట్ల కింద చేస్తే పండగపని.

ఇంకో మాట. హాబీ ఆయనది, దుమ్ము నాది. పట్టాలు ఆయనే తుడుచుకుంటారు, కాదనను. ఆ గదిలోకి పనమ్మాయి చీపురు తేకూడదు, చెట్లు ఊడిపోతాయట. ఫ్యాను వెయ్యకూడదు. కాబట్టి బల్లకింద దూరి, వైర్లు తగలకుండా, తడిగుడ్డతో తుడిచేది నేను. ఎవరూ చెప్పలేదు, నాకు నేనే మొదలుపెట్టాను. మనలో చాలామంది అంతే కదా.

మా పుట్టింట్లో, గుడివాడలో, కొలువు చుట్టూ ఒక రైలు తిరిగేది. కీ ఇచ్చే రేకు రైలు, గుండ్రటి పట్టా. నాన్న మా అన్నయ్యకి కొన్నారు. కొలువులో ఊరు కట్టింది నేను, చేను పెంచింది నేను. నా ఊరి చుట్టూ తిరిగే రైలుకి కీ ఇచ్చే హక్కు మాత్రం అన్నయ్యది. నేను ముట్టుకుంటే "స్ప్రింగు తెగ్గొడతావు" అనేవాళ్ళు. చివరికి తెగ్గొట్టింది వాడే అనుకోండి.

రైళ్ళ బొమ్మలు చేసేవాళ్ళకి కూడా ఆడపిల్లలు చాలాకాలం గుర్తురాలేదు. అమెరికాలో లయొనెల్ అని పేరుమోసిన కంపెనీ 1957లో ఆడపిల్లల కోసమని ప్రత్యేకంగా ఒక రైలు చేసింది. ఏం మార్చారయ్యా అంటే, ఇంజనుకి గులాబీ రంగు, పెట్టెలకి లేత రంగులు. అది అమ్ముడుపోలేదు. ఏ రైలు బొగ్గు నలుపులో కాకుండా గులాబీరంగులో నడుస్తుంది? ఆడపిల్లకైనా రైలు రైలులాగే కావాలి. ఇప్పుడు ఆ పాత గులాబీ సెట్టుని సేకరించేవాళ్ళు వెతుక్కుని మరీ ఎక్కువ డబ్బిచ్చి కొంటున్నారట, అది వేరే సంగతి. బొమ్మరైలు కీ ముట్టుకోనివ్వని మన దేశంలోనే సురేఖా యాదవ్ 1988లో నిజం రైలు ఇంజనెక్కి నడిపింది, 2023లో వందేభారత్ కూడా నడిపింది.

సరే, ఇప్పుడు మనవైపు తప్పు కూడా చెప్పుకోవాలి. లేకపోతే ఇది మొగుడిమీద చాడీ అవుతుంది.

ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారైనా నేను "కొలువు పెట్టడమంటే నాకిష్టం" అన్నానా? లేదు. "మా అత్తగారి ఆనవాయితీ" అన్నాను. "పిల్లలు ముచ్చటపడతారు" అన్నాను. "ఇంటికి మంచిది" అన్నాను. అవన్నీ నిజమే. పేరంటం, హారతి, పసుపు కుంకుమ, ఇవన్నీ నాకు కావాలి. అయితే తాటిచెట్టు బొమ్మని చెరువుకి ఇటు పెట్టాలా అటు పెట్టాలా అని అరగంటసేపు చూసుకుంటానే, అది భక్తి కాదు. అది ఆట. నాకు ఎంతో ఇష్టమైన ఆట. ఆ మాట నోటితో అనడానికి నాకు సిగ్గేసింది. ఆడదాని ఆటకి ఎప్పుడూ ఒక సాకు కావాలి. కుట్టుమిషనుంటే "నాలుగు డబ్బులొస్తాయి" అనాలి. మొక్కలు పెంచితే "కూరకి పనికొస్తాయి" అనాలి. ముగ్గు వేస్తే లక్ష్మి వస్తుందనాలి.

సాకుమీద నిలబడ్డది సాకు పోగానే పడిపోతుంది. మా పిల్లలిద్దరూ ఉద్యోగాలకి ఊళ్ళు పట్టుకుని పోయాక, బంధువుల్లో ఒకావిడ అననే అంది, "పిల్లలు లేరుగా, ఇంకా ఎందుకమ్మా ఆ శ్రమ" అని. మావారిని ఒక్కరైనా "పిల్లలు లేరుగా, ఇంకా రైలెందుకు" అని అడిగారా? ఆయన ఎవరికీ సాకు చెప్పలేదు. ఇష్టమన్నారు, బల్ల తెచ్చారు.

డబ్బు మాటా అంతే. ఆయన ఇంజను ఒక్కటి 22 వేలు. నేను ఏటా కొలువులోకి ఒక కొత్త బొమ్మ కొంటాను, ఆనవాయితీ. అయిదొందలు దాటితే పక్కన పెట్టేస్తాను. ఎవరూ వద్దనలేదు. ఆ గీత గీసుకున్నది నేనే. మనకి అరగంట దూరంలో ఉన్న కొండపల్లిలో తెల్లపొణికి కర్ర చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన ముద్దతో చేతులూ కాళ్ళూ అతికించి, సున్నం పూసి, రంగులేస్తారు. ఆ అంబారీ ఏనుగుని ప్రతి ఏడూ చేత్తో పట్టుకుని చూసి, ధర అడిగి, మళ్ళీ పెట్టేసి వచ్చేదాన్ని. ఆయన ఇంజను బిల్లు చూసినరోజు ఆయనమీద వచ్చిన కోపంకన్నా నామీద నాకు వచ్చినది ఎక్కువ.

పండగ వెళ్ళిన నాలుగోరోజు చెప్పాను. గొడవ పడలేదు. భోజనాల దగ్గర, మామూలుగా. "నాకు కొలువంటే ఇష్టం. దేవుడి కోసమో పిల్లల కోసమో కాదు, నాకిష్టం. మీ రైలులాగే అదీ నాకు ఆట. నా బొమ్మలు ఏడాదంతా బయట ఉండాలి. నాకు చోటు కావాలి."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మొహం వెలిగి, "అయితే నీ బొమ్మల్ని నా బల్లమీదే పెట్టెయ్. ఊరు లేదు కదా, ఊరవుతుంది" అన్నారు.

మంచిమనసుతోనే అన్నారు. నేను కూడా ఒక్కక్షణం మెత్తబడ్డాను. అప్పుడు ఆయన నేర్పిన లెక్కే పనికొచ్చింది. నా తాటిచెట్టు జానెడు. ఆయన లోకంలో మనిషి రెండు సెంటీమీటర్లు. నా కల్లుగీసేవాడు చెట్టు దిగితే ఆయన బెజవాడ స్టేషను వాడికి కూర్చునే పీట. నా ఎడ్లబండి పట్టాలకి అడ్డంగా వస్తే రైలే పట్టాలు తప్పుతుంది. అదే అన్నాను. "మీ లోకంలో నా బొమ్మలు పట్టవండీ. పట్టించాలంటే నావాటినే చిన్నవి చెయ్యాలి." ఆయన నవ్వారు. నవ్వి, మధ్యగదిలోకెళ్ళి టేపుతో తూర్పుగోడ కొలిచారు.

ఇప్పుడు తూర్పుగోడకి ఆరడుగుల పొడవున అయిదు చెక్కలు. ఆయనే బిగించారు, టంకంలాగే మేకులూ బాగా కొడతారు. బల్ల ఇంకో అడుగు కిటికీవైపు జరిగింది. కొండ అంచు కొంచెం కోసి మళ్ళీ అతికించుకున్నారు. అంబారీ ఏనుగు కొన్నాను. ధర చెప్పను, అయిదొందలు మాత్రం కాదు. వచ్చే సంక్రాంతికి మెట్లు కూడా మధ్యగదిలోనే పెడతాం. మూడు పెడతామా అయిదా అన్నది ఇంకా తేలలేదు.

అన్నీ తేలిపోయాయని చెప్పను. చోటు దొరికింది, సమయం దొరకలేదు. ఆయన రైలు దగ్గరున్నప్పుడు నేను పిలవను. నేను నా బొమ్మల దగ్గర కూర్చోగానే "ఏమోయ్, కాఫీ" అని వినిపిస్తుంది. మొన్న "పదినిమిషాలు ఆగండి, చేను ఎండిపోయింది, కొత్త ఆవాలు చల్లుతున్నాను" అన్నాను. ఆగారు. పదకొండో నిమిషంలో మళ్ళీ పిలిచారు. బల్లకింద తుడవడం గురించి వచ్చే వారం అడగాలనుకుంటున్నాను.

మీ ఇళ్ళలోనూ అటకమీద ఒక ట్రంకుపెట్టె ఉండే ఉంటుంది. బొమ్మలే కానక్కర్లేదు. వీణ కావచ్చు, రంగుల డబ్బా కావచ్చు, సగం అల్లిన స్వెటరు కావచ్చు. దాన్ని కిందికి దించేటప్పుడు ఎవరైనా "ఇప్పుడెందుకది?" అని అడిగితే, ఈసారి పిల్లల పేరూ దేవుడి పేరూ చెప్పకండి. మీకు ఇష్టమని చెప్పండి. మొదటిసారి గొంతు కాస్త వణుకుతుంది. నాకూ వణికింది.

మాఘమాసం వచ్చేసింది. మా బొమ్మలు ఇంకా బయటే ఉన్నాయి. ట్రంకుపెట్టెలో ఇప్పుడు పాత దుప్పట్లు పెట్టుకున్నాను.